తాగుడు, కల్లు, గంజాయి: పీహెచ్‌సీ డాక్టరు ఎంతవరకు వైద్యం చేయొచ్చు?

పాలమూరు వైపు ఒక పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) ఈమధ్యే చేరిన మెడికల్ ఆఫీసరమ్మ అడిగిన ప్రశ్న ఇది. "గ్యాస్ ట్రబుల్, నిద్ర పట్టట్లేదు, కాళ్లు తిమ్మిర్లు అంటూ ఓపీకి వచ్చే మగవాళ్లలో చాలామందికి మందు అలవాటు ఉందని నా అనుమానం. అడిగితే లేదంటారు. సైకియాట్రిస్టు కావాలంటే జిల్లా కేంద్రానికి పోవాలి, పంపినా పోరు. ఒట్టి ఎంబీబీఎస్‌తో నేను ఎంతవరకు చేయొచ్చు? కల్లు మానేసి ఫిట్స్‌తో వచ్చేవాళ్ల సంగతేమిటి? గంజాయి కుర్రాళ్లను ఏం చేయాలి?"

అమ్మా, ఇందులో ముప్పాతిక వంతు పని మీరే చేయొచ్చు. మీరు చేయకపోతే చేసేవాళ్లు కూడా లేరు. 2019లో వెలువడిన ఎయిమ్స్ వారి జాతీయ మత్తు పదార్థాల సర్వే ప్రకారం, మద్యానికి పూర్తిగా బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతోంది. మిగతా 37 మంది ఎక్కడున్నారంటారు? మన ఓపీల్లోనే ఉన్నారు. ఒకరు గ్యాస్ మాత్ర పాంటాప్రజోల్ కోసం వస్తారు, ఒకరు బీపీ మాత్రల కోసం, ఒకరు బండి మీంచి పడి కుట్లు వేయించుకోవడానికి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్కల్లో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో మద్యం తాగేవాళ్లు తెలంగాణలో 43 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం. తాగేవాళ్లంతా రోగులు కారు, నిజమే. ఎవరు రోగో తేల్చాలంటే అడగక తప్పదు.

అడగడంలోనే మనం సగం చెడగొట్టుకుంటాం. "మందు తాగుతావా?" అంటే ఎవరైనా లేదనే అంటారు, పక్కన భార్యో కొడుకో ఉంటే చెప్పనే అక్కర్లేదు. "అప్పుడప్పుడు", "ఫంక్షన్లప్పుడే", "ఒళ్లు నొప్పులుంటేనే మేడం" అనే జవాబుల వల్ల మీకు తెలిసేదేమీ లేదు. అలవాటు ఉందన్నట్టే మొదలుపెట్టి, వాళ్ల లెక్కలోనే అడగండి.

"పెద్దాయనా, నీకు బీరా, మందా, కల్లా?"
"మందే మేడం."
"రోజుకు ఫుల్లు అయితదా?"
"అయ్యో, ఫుల్లా! నాకేడికెళ్లి అయితది. క్వార్టరే. కూలి పైసలొచ్చిన్నాడు హాఫ్."

పెద్ద అంకెతో మొదలుపెడితే మనిషి తనే దిగి వచ్చి నిజం దగ్గర ఆగుతాడు. అడిగే గొంతులో తప్పుబట్టే ధోరణి ఉంటే మాత్రం ఈ ఉపాయం పని చేయదు. జ్వరం ఎన్ని రోజుల నుంచి అని అడిగినట్టే ఇదీ అడగాలి.

ఆ క్వార్టర్‌ను గ్రాముల్లోకి మార్చుకోండి. మన దగ్గర అమ్మే బ్రాందీ, విస్కీల్లో ఆల్కహాల్ 42.8 శాతం. అంటే 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో స్వచ్ఛమైన ఆల్కహాల్ దాదాపు 60 గ్రాములు. పది గ్రాములు ఒక డ్రింకు అనుకుంటే ఆరు డ్రింకులు. 8 శాతం ఉండే స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసా ఒకటి తాగితే నాలుగు డ్రింకులైనట్టు. "రోజుకు ఒక్క క్వార్టరే" అనే మనిషి, ప్రపంచ ఆరోగ్య సంస్థ మగవాళ్లకు అధిక ప్రమాదమని గీసిన 60 గ్రాముల గీత మీదే నిలబడి ఉన్నాడు. ఈ మాట అతనికి చెప్పి చూడండి. బీరు తాగితే మందు తాగినట్టు కాదనుకునే కుర్రాళ్లకైతే మరీ చెప్పండి.

టైముంటే తాగుడు ఎంత ముదిరిందో తేల్చే ఆ సంస్థవారి ఆడిట్ ప్రశ్నావళి పది ప్రశ్నలూ అడగొచ్చు, 8 గానీ అంతకంటే ఎక్కువగానీ మార్కులు వస్తే జాగ్రత్త పడాలి. డెబ్భై మంది ఓపీలో అది కుదరదని నాకు తెలుసు. అందులో మొదటి మూడు చాలు: ఎన్నాళ్లకోసారి, తాగిన రోజు ఎంత, ఒకే రోజు ఆరు డ్రింకులు, అంతకంటే ఎక్కువ ఎన్నాళ్లకోసారి పడతాయి. మగవాళ్లకు 4, ఆడవాళ్లకు 3 మార్కులు వస్తే తర్వాతి ప్రశ్నల్లోకి వెళ్లండి. పొద్దున లేవగానే పడాలా? ఒక పూట పడకపోతే చేతులు వణుకుతాయా? మానేసినప్పుడు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా? చివరిసారి తాగింది ఎప్పుడు? ఈ ఆఖరి ప్రశ్నకు జవాబు ఓపీ చీటీ మీద గంటతో సహా రాయండి. ఎందుకో కింద చెప్తాను.

ఆడవాళ్లను మనం అసలు అడగం. తెలంగాణలో దాదాపు 7 శాతం ఆడవాళ్లు తాగుతామని సర్వే వాళ్లకే చెప్పారు. ఇంటిల్లిపాదీ కల్లు తాగే ఊళ్లు మీ మండలంలోనే ఉంటాయి. పెద్దావిడ నిద్ర లేదని మూడోసారి వచ్చిందంటే కల్లు సంగతి అడిగాకే చీటీ రాయండి.

ఒంటి మీద కనిపించే ఆనవాళ్ల గురించి పుస్తకాల్లో చాలా ఉంది. నేను చూసేవి కొన్నే. బుగ్గల కింద దవడ దగ్గర వాపు, అరచేతుల ఎరుపు, వేళ్ల మధ్య బీడీ కాలిన మచ్చలు, పొద్దున పళ్లు తోముకునేటప్పుడు వచ్చే ఉత్త ఓకరింపులు, మూడు రకాల మాత్రలేసినా దిగని బీపీ, టీబీ మందులు మధ్యలో మానేసిన చరిత్ర. రక్త పరీక్షల్లో లివర్ ఎంజైముల్లో ఏఎస్‌టీ అనేది ఏఎల్‌టీకి రెండింతలుండటం, ఎర్ర కణాల సైజు చెప్పే ఎంసీవీ 100 దాటడం, ప్లేట్‌లెట్లు తగ్గడం, జీజీటీ అనే మరో లివర్ ఎంజైము పెరగడం. ఇవేవీ లేకపోయినా బానిస కావచ్చు. కుర్రాళ్లలో ఏళ్ల తరబడి తాగినా రిపోర్టు బాగానే ఉంటుంది, ఆ రిపోర్టు చూపించి "నాకేం కాలేదు" అని ఇంకో ఏడాది తాగుతారు.

వాసన వస్తున్న మనిషి సోలిపోయి ఉంటే మత్తులో ఉన్నాడని వదిలేయకండి. ముందు గ్లూకోమీటర్ పెట్టండి. షుగర్ మాత్ర వేసుకుని, అన్నం తినకుండా తాగి, షుగర్ పడిపోయినవాళ్లు ఉంటారు. తల తడిమి చూడండి, కంటిపాపలు రెండూ సమానంగా ఉన్నాయో లేదో చూడండి. తాగి పడిపోయి మెదడు పొరల కింద రక్తం చేరినవాడు కూడా అచ్చం తాగి పడుకున్నట్టే ఉంటాడు.

ఇక అసలు ప్రమాదం, తాగుడు ఒక్కసారిగా ఆగిపోవడం గురించి. ఏ ఆసుపత్రిలోనైనా ఆర్థో వార్డులో కనిపించే దృశ్యం ఇది. కాలు విరిగి చేరిన, రోజూ తాగే తాపీ మేస్త్రీ. మొదటి రోజు నొప్పి తప్ప ఏమీ లేదు. రెండో రోజు రాత్రి నిద్ర లేదు, ఒళ్లంతా చెమట, నాడి 120. మూడో రోజు సాయంత్రానికి సెలైన్ పీకేసి, దుప్పటి మీద లేని చీమలను దులుపుతూ, పక్క బెడ్డు మనిషిని సిమెంటు కలపమని కేకలేస్తుంటాడు. డ్యూటీ డాక్టరు మతి తప్పినవాళ్లకిచ్చే హాలోపెరిడాల్ ఒక్కటే రాసి, చేతులు కట్టించి, నోట్సులో "సైకోసిస్" అని రాసి వెళ్లిపోతాడు. హాలోపెరిడాల్ ఒక్కటే ఇస్తే ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. ఆ రాత్రి అతనికి కావలసింది డయాజిపామో లోరాజిపామో. దాంతోపాటు థయమిన్ (విటమిన్ బీ1).

లెక్క ఇలా ఉంటుంది. ఆఖరి చుక్క పడిన ఆరు నుంచి ఎనిమిది గంటల్లో వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. ఫిట్స్ వస్తే చాలావరకు 48 గంటల లోపే వస్తాయి. డెలీరియం ట్రెమెన్స్ అనే మతిభ్రమ రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య. వైద్యం లేకపోతే దీంతో చనిపోతారు, సరైన వైద్యం అందితే మరణాలు 5 శాతం లోపే. అందుకే ఆ గంట చీటీ మీద రాయమన్నది. సర్జరీకి, కాన్పుకు, యాక్సిడెంటుకు, జ్వరానికి, దేనికి చేరినా ఆ గంట తెలిస్తే మూడో రోజు ఏం రాబోతోందో మొదటి రోజే తెలిసిపోతుంది.

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో వైన్ షాపులు ఒక్కసారిగా మూతపడ్డప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం పోటెత్తింది ఈ కారణంతోనే. కేరళలో డాక్టరు చీటీ మీద మద్యం ఇవ్వాలని ప్రభుత్వం ఉత్తర్వు కూడా ఇచ్చింది, హైకోర్టు ఆపేసింది. ఆపడమే సరైంది. వైద్యం చేయడానికి చవకైన మాత్రలు ఉండగా మందు చీటీ రాయాల్సిన పని లేదు.

ఎవరికి ఇంటి దగ్గరే వైద్యం చేయొచ్చు? గతంలో ఫిట్స్‌గానీ మతిభ్రమగానీ రానివాళ్లు, కామెర్లు, పొట్టలో నీరు, జ్వరం, తల దెబ్బ లేనివాళ్లు, గర్భిణులు కానివాళ్లు, చచ్చిపోవాలనే ఆలోచన లేనివాళ్లు, ఇంట్లో మాత్రలు చేతికిచ్చే మనిషి ఉన్నవాళ్లు. వీటిలో ఒక్కటి తప్పినా చేర్చుకోవాలి, లేదా పంపాలి. ఇంటి దగ్గర చేసేవాళ్లకు డయాజిపామ్ జాతి మాత్రే అయిన క్లోర్‌డయాజిపాక్సైడ్. రోజూ హాఫ్ తాగేవాడికి 25 మిల్లీగ్రాములు రోజుకు నాలుగు సార్లు మొదలుపెట్టి, రోజుకు ఐదో వంతు చొప్పున తగ్గిస్తూ ఐదారు రోజుల్లో ఆపేయండి. తక్కువ తాగేవాడికి 10 మిల్లీగ్రాములతో సరిపోతుంది. ముసలివాళ్లకు, లివర్ చెడినవాళ్లకు లోరాజిపామ్ మేలు, ఒంట్లో పేరుకోదు. రెండు రోజుల మాత్రలకు మించి ఒకేసారి ఇవ్వొద్దు. అవీ భార్య చేతికో అమ్మ చేతికో ఇచ్చి, "ఇది వేసుకుని మళ్లీ తాగితే ఊపిరి ఆగుతుంది, తాగితే మాత్ర ఆపి నాకు ఫోన్ చేయండి" అని చెప్పండి. మొదటి మూడు రోజులు రోజూ రమ్మనండి. రాలేకపోతే ఆశా కార్యకర్తను పంపి చేతులు చాపించి చూడమనండి. వణుకు ఎంతుందో ఫోన్లో చెప్పడానికి ఆమెకు ఏ స్కోరింగూ అక్కర్లేదు.

మద్యం మానేసినందువల్ల వచ్చే ఫిట్స్‌కు మామూలు ఫిట్స్ మందు ఫినిటాయిన్ పని చేయదు. అయినా ప్రతి కేస్‌షీట్‌లో అదే కనిపిస్తుంది, ఏళ్ల తరబడి వేసుకుంటూ తాగేవాళ్లూ ఉన్నారు. అయితే మొట్టమొదటి ఫిట్, ఒక పక్కే వచ్చిన ఫిట్, తల దెబ్బ తర్వాత వచ్చిన ఫిట్, వీటిని తాగుడు ఖాతాలో వేసేయకుండా స్కానింగ్‌కు పంపండి.

థయమిన్ గురించి రెండు మాటలు. తిండి మానేసి తాగేవాడికి గ్లూకోజ్ సెలైన్ ఎక్కించే ముందు థయమిన్ పడాలి. షుగర్ పడిపోయి ఉంటే మాత్రం ఆగకుండా రెండూ ఇవ్వండి. మామూలు మనిషికి 100 నుంచి 250 మిల్లీగ్రాములు ఇంజెక్షన్‌గా మూడు నుంచి ఐదు రోజులు, తర్వాత మాత్రలు. అయోమయం, కళ్లు తిప్పలేకపోవడం లేదా గుడ్లు అదరడం, నడకలో తూలు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెర్నికీస్ (థయమిన్ లోపంతో మెదడు దెబ్బతినడం) అనుకుని 500 మిల్లీగ్రాములు సెలైన్‌లో రోజుకు మూడు సార్లు మొదలుపెట్టి పంపండి. మూడు లక్షణాలూ కలిసి కనిపించేదాకా ఆగితే మిగిలేది తన పెళ్లాం పేరు కూడా గుర్తులేని మనిషి. బీ కాంప్లెక్స్ మాత్ర రాసి థయమిన్ ఇచ్చాననుకోవద్దు, అందులో ఉండేది చాలదు.

కల్లు సంగతి వేరే. చెట్టు కల్లు పూటకింత తాగే మనిషి మానేస్తే ఇంత గోల ఉండదు. దుకాణాల్లో అమ్మే కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, అల్ప్రాజోలామ్ కలుపుతారు. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ మీద ఒక్కసారిగా విరుచుకుపడ్డప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్, మెదక్ వైపు ఆసుపత్రులు వణుకు, ఫిట్స్, పిచ్చి చేష్టలతో నిండిపోయాయి. మీ పీహెచ్‌సీలో పాతకాలం నర్సులుంటే అడగండి, చెప్తారు. వాళ్లు మానింది కల్లు ఒక్కటే కాదు, తమకు తెలియకుండా ఏళ్ల తరబడి మింగుతున్న నిద్ర మాత్రలు కూడా.

ఇది తెలియకపోతే వైద్యం దారి తప్పుతుంది. ఐదు రోజుల క్లోర్‌డయాజిపాక్సైడ్ కోర్సు వీళ్లకు చాలదు. అల్ప్రాజోలామ్ ఒకటి రెండు రోజుల్లోనే ఒంట్లోంచి పోతుంది కాబట్టి ఫిట్స్ తొందరగా వస్తాయి. డయాజిపామ్ నెమ్మదిగా పోతుంది కాబట్టి అంతా సర్దుకుందనుకున్న వారానికి కూడా రావచ్చు. ఏది ఎంత కలిపారో ఎవరికీ తెలియదు. అందుకని రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్లుగా, ఏ దుకాణం అని అడిగి, వణుకు ఆగేంత డయాజిపామ్‌తో కుదుట పెట్టి, అక్కడి నుంచి వారం పది రోజులకోసారి కొంచెం కొంచెంగా తగ్గిస్తూ రావాలి. కొందరికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. స్పృహ లేకుండా వచ్చిన కల్లు మనిషికి నిద్ర మాత్రల విరుగుడు ఫ్లూమజెనిల్ ఇవ్వాలనిపిస్తుంది, వద్దు. అలవాటు పడ్డ ఒంటికి అది ఫిట్స్ తెప్పిస్తుంది. ఊపిరి చూసుకుని, పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఈసీజీ తీసి పంపండి. క్లోరల్ హైడ్రేట్ గుండె లయను దెబ్బ తీస్తుంది.

ఇదే చోట మన సంగతీ చెప్పుకోవాలి. నడుం నొప్పికి, గ్యాస్‌కు, బీపీకి తోడుగా ఒక అల్ప్రాజోలామ్ అరమాత్ర రాసిచ్చే అలవాటు మన వృత్తిలో పాతుకుపోయింది. 2014 నుంచి అది షెడ్యూల్ హెచ్1 అనే, అమ్మకం మీద నిఘా ఉండే మందుల జాబితాలో ఉంది, మందుల షాపు వాళ్లు రిజిస్టరు రాయాలి. చాలా ఇళ్లలో మాత్ర మొదలుపెట్టింది డాక్టరు చీటీయే. రెండు వారాలకు మించి రాయకుండా ఉంటే చాలు, ఒక్క పైసా ఖర్చు లేని నివారణ.

ఇప్పుడు అందరూ వదిలేసే భాగం. వణుకు తగ్గింది, అన్నం తింటున్నాడు, ఇంటికి పంపేశాం. వైద్యం అప్పటికి ఇంకా మొదలే కాలేదు. మళ్లీ మొదలుపెట్టేవాళ్లలో ఎక్కువమంది మొదటి మూడు నెలల్లోనే మొదలుపెడతారు, ఆ మూడు నెలలకు మందులున్నాయి, మనం రాయం. నాల్ట్రెక్సోన్ 50 మిల్లీగ్రాములు రోజుకొకటి. తాగాలన్న తపన తగ్గిస్తుంది, తాగినా మజా రానివ్వదు, ఇంకా తాగుతున్న మనిషికి కూడా మొదలుపెట్టొచ్చు. లివర్ పరీక్ష చూసుకోండి, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడుతున్నవాడికి మాత్రం ఇవ్వకండి, విలవిల్లాడిపోతాడు. అకాంప్రోసేట్ 333 మిల్లీగ్రాముల మాత్రలు రెండేసి మూడు పూటలా. లివర్ చెడినా పర్లేదు, కిడ్నీలు బాగుండాలి. సిరోసిస్ ఉన్నవాళ్లకు బాక్లోఫెన్ 10 మిల్లీగ్రాములు మూడు పూటలా. దానికి 2007లో వచ్చిన ఇటలీ అధ్యయనం ఆధారం. ఇదీ కిడ్నీ చూసుకునే ఇవ్వాలి, ఒకేసారి ఆపకూడదు.

డైసల్ఫిరామ్ గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మీ దగ్గరకు భార్యలు వస్తారు. "ఆయనకు తెలియకుండా అన్నంలో కలిపిచ్చే మాత్ర రాయండి మేడం" అంటారు. పేపర్లలో, ఆటోల వెనకాల "తెలియకుండా తాగుడు మాన్పించబడును" అని ప్రకటనలు చూసి వస్తారు. ఎంత ఏడ్చినా రాయకండి. ఈ మాత్ర ఒంట్లో ఉండగా మందు తాగితే ముఖం ఎర్రబడి, గుండెదడ, వాంతులు, బీపీ పడిపోవడం. గుండె జబ్బున్నవాడైతే ప్రాణం పోవచ్చు. ఆ భయమే ఈ మాత్ర బలం. ఆ సంగతి తెలియని మనిషికి ఇస్తే అది వైద్యం కాదు, విషప్రయోగం. తెలిసి, ఒప్పుకుని, సంతకం పెట్టి, రోజూ పొద్దున భార్య ఎదురుగా వేసుకునే మనిషికి మాత్రం ఇది చాలా బాగా పనిచేస్తుంది. రోజుకు 250 మిల్లీగ్రాములు. ఆఖరిసారి తాగి కనీసం ఒక రోజు గడవాలి. మానేసిన తర్వాత కూడా రెండు వారాల దాకా మందు ముట్టకూడదు. దగ్గు సిరప్పులు, టానిక్కులు, షేవింగ్ లోషన్లు, మనవాళ్లు మందుగా లెక్కవేయని ద్రాక్షాసవం, అశోకారిష్టం లాంటి ఆయుర్వేద ఆసవాలు, అరిష్టాలు కూడా కూడవు, వాటిలో ఆల్కహాల్ ఉంటుంది. విరేచనాలకు మెట్రోనిడజోల్ రాసేటప్పుడు ఈ మాత్ర వేసుకుంటున్నాడేమో అడగండి, రెండూ కలిస్తే మతి చలిస్తుంది.

ఏడుస్తూ వచ్చిన ఆ భార్యను ఊరికే పంపకండి. ఇంట్లో కొడుతున్నాడా, పిల్లలు ఎలా ఉన్నారు, ఆమె తిండీ నిద్రా ఏమిటి, చావాలనిపిస్తోందా అని అడగండి. తర్వాత, అతన్ని షుగర్ పరీక్షకో బీపీకో తీసుకురమ్మనండి. తాగుడు పేరెత్తితే రానివాడు బీపీ అంటే వస్తాడు, వచ్చాక సంగతి మీ చేతిలో ఉంటుంది.

ఆ ఐదు నిమిషాలు ఏం మాట్లాడాలి? ఉపన్యాసం వద్దు. లివర్ బొమ్మ చూపించి భయపెట్టడం కూడా పెద్దగా పనిచేయదు, భయమేస్తే ఇంకో నైంటీ వేసుకుంటాడు. నేను అడిగేది ఒకటే. "మానాలని పదిలో ఎంతుంది?" "మూడు మేడం" అంటాడనుకోండి. మూడేనా అని అడిగితే మానలేకపోవడానికి కారణాలు వరస పెడతాడు. "సున్నా ఎందుకనలే?" అని అడగండి. కాసేపు ఆగి, "బిడ్డ పెళ్లి పెట్టుకున్నం. ఆ దినం తాగి ఉంటనేమోనని భయం" అంటాడు. మానడానికి కారణం అతని నోటి నుంచే వచ్చింది. అదే మాట చీటీ మీద రాసుకుని, వచ్చే వారం అక్కడి నుంచే మొదలుపెట్టండి. పూర్తిగా మానననే మనిషిని కూడా తరిమేయకండి. పొద్దున పూట మానేస్తాననో, ఖాళీ కడుపున తాగననో అంటే అక్కడి నుంచే మొదలు. అయితే వణుకు వచ్చే దశకు చేరినవాడికి మితంగా తాగడం కుదరదు, ఆ మాట దాచకుండా చెప్పాలి.

మానినవాడికి క్యాలెండర్ చూపించి అడగండి. వచ్చే దసరాకు ఏం చేస్తావు? బోనాలకు మీ బావమరిది వస్తే? ఊళ్లో దినాలైతే పెద్దమనుషులు గ్లాసు చేతికిస్తారు, ఏమంటావు? కూలి డబ్బు చేతికొచ్చిన సాయంత్రం బెల్టు షాపు ముందు నుంచి కాక వేరే దారిలో ఇంటికి పోగలవా? జవాబు ముందే అనుకుని ఉంటే ఆ రోజు గడుస్తుంది. "లివర్ మందు వాడుతున్నా, డాక్టరమ్మ వద్దంది" అనే సాకు చాలామందికి పనికొచ్చింది, మీ పేరు వాడుకోనివ్వండి. మళ్లీ తాగి వస్తే తిట్టకండి. షుగర్ పెరిగి వచ్చిన పేషెంటును తిట్టి పంపేయం కదా, డోసు మార్చి మళ్లీ రమ్మంటాం. ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు చాలా ఊళ్లలో తెలుగులోనే జరుగుతాయి, ఉచితం. అందరికీ నప్పవు, నప్పినవాళ్లకు మన మాత్రలకంటే ఎక్కువ పని చేస్తాయి.

గంజాయి గురించి అడిగారు. గంజాయి మానేస్తే ప్రాణం మీదికి రాదు. చిరాకు, నిద్రలేమి, ఆకలి మందగించడం రెండు వారాల పాటు ఉంటాయి. దానికంటూ నిరూపణ అయిన మాత్ర ఏదీ లేదు. మీరు చూడాల్సింది రెండు. చెవుల్లో మాటలు, ఎవరో వెంటపడుతున్నారన్న అనుమానం ఉంటే అది సైకోసిస్, ఆ వారంలోనే సైకియాట్రిస్టు చూడాలి. పదే పదే వాంతులతో వచ్చి, ఎండోస్కోపీ మామూలుగా ఉండి, వేడి నీళ్లు పోసుకుంటే హాయిగా ఉందనే కుర్రాణ్ణి గంజాయి సంగతి అడగండి. ఆ వాంతులకు మందు గంజాయి మానడమే.

ట్రమడాల్, టాపెంటడాల్ మాత్రలు, పెంటజోసిన్ ఇంజెక్షన్లు, కోడీన్ దగ్గు మందులు వేరే కథ, ఇవన్నీ నల్లమందు జాతివి. ఇవి ఆగిపోయినప్పుడు వచ్చే ఆవులింతలు, ముక్కు కారడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, విరేచనాలు, పెద్దవైన కంటిపాపలు చూసి ఫ్లూ అనుకుంటాం. సూది మచ్చల వరస మోచేతి దగ్గరే కాదు, కాళ్ల మీద కూడా వెతకండి. ట్రమడాల్ 2018 నుంచి మత్తు పదార్థాల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్) కిందికి వచ్చింది. మామూలు ఓపియేట్ (నల్లమందు జాతి) మూత్ర పరీక్ష కిట్‌లో అది దొరకదు, కాబట్టి నెగటివ్ వచ్చిందని నమ్మేయకండి. ట్రమడాల్ ఎక్కువైనా ఫిట్స్ వస్తాయి. వీళ్లకు అసలు వైద్యం బ్యుప్రెనార్ఫిన్, అది అనుమతి ఉన్న కేంద్రాల్లోనే దొరుకుతుంది, అక్కడికి పంపండి. మత్తు ఎక్కువై ఊపిరి తగ్గి, కంటిపాపలు సూదిమొనంత అయిన మనిషికి విరుగుడుగా నలోక్సోన్ 0.4 మిల్లీగ్రాములు ఇవ్వాలి. మీ ఎమర్జెన్సీ ట్రేలో ఉందో లేదో రేపే చూడండి, లేకపోతే ఇండెంట్ పెట్టండి.

పోలీసు కేసవుతుందని కుర్రాళ్లు, వాళ్ల తల్లిదండ్రులు మీకు నిజం చెప్పరు. ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. సొంతంగా వాడుకున్నందుకో, చిన్న మోతాదు దొరికినందుకో కేసు పడ్డ వ్యసనపరుడు స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన చోట వైద్యానికి చేరి పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు వల్ల వచ్చే మానసిక సమస్యలను కూడా కలుపుకుంది, గోప్యత హక్కు ఇచ్చింది. పేషెంటు తాగుడు గురించి సర్పంచి అడిగినా చెప్పాల్సిన పని మీకు లేదు. డీఅడిక్షన్ సెంటర్ అని బోర్డు పెట్టి, గదిలో బంధించి కొట్టే చోట్లు కూడా ఉన్నాయి. రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ ఉందా, వారానికి ఎన్నిసార్లు సైకియాట్రిస్టు వస్తారు, ఇంటివాళ్లను కలవనిస్తారా అని కనుక్కోకుండా ఏ సెంటర్ పేరూ చెప్పకండి.

వెళ్లలేనివాళ్లకు ఫోన్ నంబర్లు రెండు రాసివ్వండి: నశా విముక్తి హెల్ప్‌లైన్ 14446, టెలీ మానస్ 14416. టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడతారు. మీ గదిలోంచే, మీ ఎదురుగానే మొదటి కాల్ చేయించండి. చేతికి నంబరిచ్చి పంపితే ఆ చీటీ జేబులోనే ఉతుకుల్లో పోతుంది.

ఇక పంపినా పోరన్నారు కదా. "సైకియాట్రీకి రిఫర్" అని ఒక్క ముక్క రాస్తే ఎవరూ పోరు, పిచ్చి డాక్టరు దగ్గరకు పంపుతున్నారనుకుంటారు. చీటీలో రోజుకు ఎంత, ఎన్నేళ్లు, ఆఖరిసారి ఎప్పుడు, ఫిట్స్ వచ్చాయా, మీరు ఏ మాత్ర ఎంత ఇచ్చారు, లివర్ రిపోర్టు, మానడానికి అతను చెప్పిన కారణం రాయండి. అక్కడి డాక్టరుకు అతని ముందే ఫోన్ చేసి, ఏ రోజు రావాలో అడిగి, ఆ తేదీ కూడా చీటీ మీదే వేయండి. తిరిగి వచ్చాక ఎప్పుడు చూపించుకోవాలో పక్కనే రాయండి. మందులు మాత్రం మీ పీహెచ్‌సీలోనే తీసుకునేలా చూడండి, నెలకోసారి జిల్లాకు వెళ్లే బస్సు చార్జీ కూడా చాలామందికి అడ్డమే.